ఊయల్లో దాచిన రైఫిల్

ఆ ఏడాది వసంతంలో గని మూసేశారు. గని ఆఫీసులో నా ఉద్యోగం దానితోపాటే పోయింది. అంతకు ముందు ప్రతి నవంబరులోనూ దుప్పుల వేట సీజనుకి శని, ఆదివారాలు మాత్రమే క్యాంపుకి వెళ్ళేదాన్ని. ఆసారి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉండగలిగాను. చేయడానికి ఇంకో పని లేదు.

బయల్దేరే ముందు అమ్మ నన్ను సౌనాలోకి, అంటే ఆవిరి స్నానం గదిలోకి పిలిచింది. నాన్న చెవిన పడకూడని మాటలు మా ఇంట్లో అక్కడే చెప్పుకుంటాం. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. చల్లటి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం.

"డాక్టరు చెప్పింది నీకు సగమే చెప్పాను. మీ నాన్నకి చూపు మధ్యలో పోయింది. రెండు కళ్ళకీ. పక్కనున్న తలుపు కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు. ఇంక బాగయ్యేది కాదట," అంది.

"మరి వేటకెలా వస్తానంటున్నాడు?"

"దారి కాళ్ళకి తెలుసట. తుపాకీ చేతులకి తెలుసట."

"రైఫిల్ నేను తీసి దాచేస్తాను."

"వద్దు," అంది అమ్మ. "నువ్వు తీసుకుంటే మీ నాన్న చచ్చిపోతాడు. వదిలేస్తే ఎవర్నో ఒకర్ని చంపుతాడు. ఆయనంతట ఆయనే ఇచ్చేలా చూడు, సిల్వీ."

"ఎలాగమ్మా?"

"నన్నడక్కు. ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆ మనిషి చేతిలోంచి ఒక గొడుగు కూడా తీసుకోలేకపోయాను."

క్యాంపు అంటే సుపీరియర్ సరస్సుకి ఎగువన, తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి అడవిలోకి నడిచి వెళ్తే వచ్చే ఒక గది. దుంగల గోడలు, పొయ్యి, నాలుగు మంచాలు. మేం నలుగురం. నాన్న, నేను, అమ్మ తమ్ముడు తైస్తో మామయ్య, నాన్న స్నేహితుడు వెస్లీ పెన్‌హేల్. వెస్లీని నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాను. ఆయనా నాన్నా గనిలో ఒకే షిఫ్టులో దిగేవారు.

తలుపు పక్క గోడకి కర్ర మేకుల మీద రైఫిళ్ళు ఉండేవి. ఒకరి రైఫిల్ ఇంకొకరు ముట్టుకోకూడదు. పక్కకి జరపాలన్నా అడిగి జరపాలి. ఎదుటి గోడకి చొక్కా కొసలు కొట్టి ఉండేవి. దుప్పి మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కోసి, పెన్సిలుతో పేరూ ఏడూ రాసి, మేకు కొట్టడం మా ప్రాంతంలో ప్రతి క్యాంపులోనూ ఉన్నదే. వాటిలో సగం తైస్తో మామయ్యవి. వాటన్నిటితో కిటికీకి తెర కుట్టించవచ్చనేవాడు వెస్లీ బాబాయ్. నావి రెండు. నాన్నది ఒక్కటీ లేదు.

సీజను మొదలయ్యే ముందు సాయంత్రం ప్రతివాళ్ళూ తమ రైఫిల్ మేకు మీద నుంచి దించి, ఒళ్ళో పెట్టుకుని, దాని కథ చెప్పాలి. ఏటా అదే కథ. మాట తప్పు చెప్పినా, ఉన్నది వదిలేసినా ఆ రాత్రి గిన్నెలు వాళ్ళే కడగాలి. రైఫిల్ చేతులు మారినప్పుడు కూడా ఇంతే. పుచ్చుకునేవాడు దాని కథ మొత్తం తిరిగి అప్పజెప్పాలి. చెప్పలేకపోతే రైఫిల్ దక్కదు.

ఆ సాయంత్రం వెస్లీ బాబాయ్ భార్య చేసి పంపిన పాస్టీలు తిన్నాం. మాంసం, బంగాళదుంపలు, ముల్లంగి లాంటి పసుపు దుంప కూరి కాల్చిన పిండి పొట్లాలు అవి. పొయ్యి మీద కాఫీ పెట్టి మొదలుపెట్టాం.

వెస్లీ బాబాయ్ రైఫిల్ టాంకిన్ ముసలమ్మ ఇచ్చింది. ఆవిడ భర్త గనిలో పోయాక, ఏటా మొదటి దుప్పి కార్జం తెచ్చిస్తానంటేనే ఇస్తానందట.

"ఆవిడ ఇంకా ఉందా?" అని తైస్తో మామయ్య ప్రతి ఏడూ అడిగేదే అడిగాడు.

"ఎందుకుండదు? పోయినేడు కార్జం చిన్నదని తిట్టింది. పళ్ళు ఊడాయి కానీ నోరు అలాగే ఉంది."

మామయ్య రైఫిల్ ఒకప్పుడు మంచు పగిలి సరస్సులో పడిపోయింది. కొన్ని వేసవులు పోయాక ఎవరో చేపలు పట్టేవాడి కొక్కానికి తగిలి పైకొచ్చింది. అన్ని నీళ్ళు తాగింది కాబట్టే ఎడమ పక్కకి తూలుతుందంటాడు.

"తుపాకీ తాగింది నీళ్ళేరా. తూలేలా తాగింది నువ్వు," అన్నాడు వెస్లీ బాబాయ్.

నా వంతు వచ్చింది. "షాపులో కొన్నాను," అన్నాను.

"తర్వాత?"

"బాగానే పేలుతుంది."

"కథ లేని తుపాకీ కంటే పేరు లేని కుక్క నయం," అన్నాడు మామయ్య. అది కూడా ఏటా అనేదే.

నాన్నది పాత వించెస్టర్. కింద మీట లాగితే గుండు ఎక్కుతుంది. నానమ్మ సైమాది అది. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొయ్యి వైపు ముఖం పెట్టి చెప్పాడు.

"సమ్మె శీతాకాలం. మా నాన్న పనిలోకి పోవడం లేదు. దుకాణం వాడు సరుకివ్వడం లేదు. ఇంటినిండా పిల్లలు. మా అమ్మ ఈ రైఫిల్ తీసుకుని తెల్లారకముందే వెళ్ళి, దుప్పిని కొట్టి, దుంపల గోతిలో దాచింది. ఆ వారమే సమ్మె చేస్తున్నవాళ్ళ ఇళ్ళల్లో తుపాకులు వెతకడానికి గని మనుషులు బయల్దేరారు. మా అమ్మకి బూట్ల చప్పుడు వినపడింది. రైఫిల్ ఊయల్లో పెట్టింది. పైన గడ్డి పరుపు వేసింది. పరుపు మీద నన్ను పడుకోబెట్టింది."

"నీకెన్ని నెలలు?" అన్నాడు వెస్లీ బాబాయ్. అక్కడ ఆ ప్రశ్న ఆయనదే.

"మూడు. లోపలికొచ్చి ఇల్లంతా వెతికారు. ఒకడు ఊయల దగ్గరికొచ్చి దుప్పటి ఎత్తాడు. పరుపు కింద చెయ్యి పెట్టబోయాడు. నేను వాడి చెయ్యి తడిపేశాను."

నవ్వాం. ఏటా అక్కడే నవ్వుతాం.

"వాడు చెయ్యి కోటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. అమ్మ భయపడి తెల్లారేదాకా రైఫిల్ తియ్యలేదు. రాత్రంతా దాని మీదే పడుకున్నాను, తడుపుతూనే ఉన్నాను. ఇదిగో, ఈ తుప్పు నాది."

బొటనవేలు గొట్టం మీద సరిగ్గా ఆ గరుకు మచ్చ దగ్గరికి వెళ్ళింది. చూడనక్కర్లేదు. నాన్న ఎప్పుడూ చూడకుండానే చెప్పేవాడు కాబట్టి, ఆయనకి కనిపించడం లేదని ఆ కథలో ఎక్కడా తెలియలేదు.

"బావా, వచ్చింది ఎంతమందో చెప్పలేదు నువ్వు," అన్నాడు మామయ్య.

"ముగ్గురు."

"అడిగాక చెప్పావు. గిన్నెలు కడుగు."

"తప్పు చెప్పలేదు కదరా బామ్మర్దీ."

"వదిలెయ్యడం తప్పు కాదా?"

నాన్న లేచి గిన్నెలు కడిగాడు. శుభ్రంగానే కడిగాడు కానీ ఒక్కోదాన్నీ చాలాసేపు వేళ్ళతో తడిమాడు. తర్వాత మామయ్య పేక తీస్తే, "ఈ ఏడు నాకు వద్దు. కళ్ళు అలిసిపోయాయి," అని ముసుగుతన్నాడు.

మర్నాడు వెలుగు రాకముందు అందరం బయల్దేరాం. అందరి మీదా నారింజ రంగు కోట్లు, టోపీలు ఉన్నాయి. చట్టం అది. అడవిలో ఆ రంగులో ఇంకేదీ ఉండదు కాబట్టి పెట్టారు. నాన్న ముందు నడిచాడు. పడిపోయిన చెట్టు దగ్గర కాలు ఎత్తాడు, వాగు దగ్గర వంగాడు, ఎక్కడా తడబడలేదు. కాళ్ళకి నిజంగానే తెలుసు.

"నాన్నా, ఈసారి నీ పక్కన కూర్చుంటాను," అన్నాను.

"ఎందుకు? భయమా?"

"చలి."

"ఇద్దరు కూర్చుంటే చలి రెండవుతుంది కానీ తగ్గదు. పో."

తన మొద్దు మీద కూర్చున్నాడు. కాలిన దేవదారు కింద, వాగుకి ఎదురుగా ఉంటుంది అది. నేను గుట్ట మీద నా చోటికి వెళ్ళాను. అక్కడ నుంచి నాన్న టోపీ కనిపిస్తుంది. ఆ రోజు నేను దుప్పుల కోసం చూడలేదు. ఆ టోపీనే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆయన ముందు నుంచే ఒక ఆడదుప్పి వెళ్ళింది. నాన్న కదల్లేదు.

"ఆడది," అన్నాడు తిరిగొచ్చేటప్పుడు. "అడుగు తేలిగ్గా పడింది." కొమ్ములుంటేనే కాల్చాలని నియమం. ఆయన నడక విని తెలుసుకున్నాడు. ఆ మాట విన్నాక నాకు ధైర్యం రావాల్సింది. రాలేదు.

ఆ సాయంత్రం కట్టెలు తెస్తూ వెస్లీ బాబాయ్‌ని పక్కకి పిలిచాను.

"బాబాయ్, నాన్నకి చూపు..."

"తెలుసమ్మా. మొన్న వేసవిలో నేను మా గేటు దగ్గర నిలబడితే, నన్ను కాకుండా గేటుని అడిగాడు బాగున్నావా అని."

"మరి నువ్వేమీ అనలేదే?"

"ఏమనను? తుపాకీ దించరా అనాలా? వాడు నన్నంటాడా? నా మోకాళ్ళు పోయి నాలుగేళ్ళయింది. ఏడాదికోసారైనా అన్నాడా, ఇంట్లో కూర్చోరా అని?" కట్టెలు భుజం మార్చుకున్నాడు. "నేను వాడికి ఎదురుగా వెళ్ళను. వాగు అవతల నుంచి చుట్టు తిరిగి వస్తాను. తైస్తోకి కూడా అదే చెప్పాను. ఈ ఒక్క సీజను గడిస్తే చాలు."

అలా గడుపుకుంటూ వచ్చాం. ఉదయం నాన్న ముందు నడిచేవాడు, మేం ఆయన వెనక నడిచేవాళ్ళం. ఆయన కాల్చే వైపు ఎవరూ పోకుండా చుట్టు తిరిగేవాళ్ళం. క్యాంపులో ఆయన కప్పు ఎప్పుడూ ఒకే చోట పెట్టేవాళ్ళం. వేట ఎవరికీ పడలేదు. పగలంతా నాన్నని కాయడం, రాత్రి అలిసిపోయి పడుకోవడం. మా అందరికీ తెలుసని నాన్నకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు.

రెండో వారంలో మంచు ఎక్కువ కురిసింది. మోకాలి లోతు పడింది. ఆ రోజు ఉదయం వాగు అవతల నుంచి ఒక పేలుడు వినిపించింది. వెస్లీ బాబాయ్‌ది. దాని బరువు వేరు, పోల్చుకోవచ్చు. చాలాసేపటి తర్వాత ఇంకోటి వినిపించింది. అది దగ్గర్లో, పొడిగా పేలింది. గుట్ట కింద నాన్న టోపీ మొద్దు మీద లేదు. లేచి నిలబడి ఉన్నాడు.

నేను వాగు వైపు చెవి పెట్టాను. అరుపేమీ రాలేదు. నాన్న మళ్ళీ కూర్చుని పైపు తీసి వెలిగించాడు. దెబ్బ తగిలాక వెంటనే వెనక పడకూడదు, ఒక పైపు కాలేదాకా ఆగాలి. అది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఆగుతున్నాడంటే తగిలిందని అనుకుంటున్నాడు. నేను గుట్ట దిగలేదు. చుట్టు తిరిగి, క్యాంపు దారిన పరుగెత్తాను.

కాసేపటికి వెస్లీ బాబాయ్ వచ్చాడు. కొమ్ములకి తాడు కట్టి పోతుదుప్పిని మంచులో లాక్కొస్తున్నాడు. కొమ్ముల మధ్య నారింజ గుడ్డ కట్టి ఉంది. చచ్చిన దుప్పిని లాగేటప్పుడు ఎవరూ పొరబడకుండా అలా కడతారు. ఆయన కోటు ముందువైపంతా మంచు అంటుకుని ఉంది. బోర్లా పడుకున్నవాడి కోటుకి అంటుకున్నట్టుంది.

"బాబాయ్."

"ఏమీ కాలేదు."

"ఎక్కడ..."

"ఏమీ కాలేదన్నానా? ఇది పట్టుకో."

మామయ్య కూడా వచ్చాక ముగ్గురం కలిసి దుప్పిని రెండు చెట్ల మధ్య దూలానికి వేలాడదీశాం. భుజం వెనక ఒక రంధ్రం ఉంది. చుట్టూ రక్తం గడ్డకట్టింది. తొడ దగ్గర ఇంకోటి ఉంది. దాని చుట్టూ రక్తం లేదు. బతికున్నదానికి తగిలితే అలా ఉండదు. మామయ్య రెండూ చూశాడు.

"రెండు పేలాయే?" అన్నాడు.

"రెండూ నావే. మొదటిదానికి చావలేదు."

"మధ్యలో అంత గ్యాపు ఉంది కదా."

"నిదానంగా చచ్చింది. నీకేం తొందర?"

మామయ్య కత్తి అందుకున్నాడు. కార్జం తీసి గిన్నెలో పెట్టాడు, టాంకిన్ ముసలమ్మ కోసం.

"చుట్టు తిరిగి రావాల్సింది," అన్నాడు వెస్లీ బాబాయ్, నాకు మాత్రమే వినపడేలా. "మంచు ఎక్కువగా ఉంది. ఇది బరువుంది. ఈ ఒక్కసారికి వాగు దాటేద్దామనుకున్నాను. ఓపిక లేకపోయిందమ్మా. వాడు పైపు ముట్టించాక చప్పుడు కాకుండా లాక్కొచ్చేశాను."

లోపల కూర్చుని కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. మూతి దాకా తీసుకెళ్ళి, తాగకుండా కింద పెట్టాడు.

పొద్దు వాలుతుండగా నాన్న వచ్చాడు. గడ్డం మీద మంచు ఉంది. ముఖంలో చాలా ఏళ్ళుగా నేను చూడని కళ ఉంది.

"కొట్టాను. పోతు. కొమ్ములు చూశాను, పక్క చూపుతో. పడింది. పైపు కాల్చి వెళ్ళి చూస్తే లేదు. మంచులో జాడ తగిలింది చేతికి. లాంతరు ఇవ్వు సిల్వీ," అన్నాడు.

"తిని పోదాం నాన్నా."

"తినడమేమిటి? దెబ్బ తిన్న జంతువు అడవిలో ఉంటే మనం తిండి తింటామా? నీకిది నేర్పానా నేను?"

మామయ్య పొయ్యిలో కట్టె సర్దుతూ ఉండిపోయాడు.

"మంచు పడుతోందిరా ఆర్వో. జాడ కప్పేసుంటుంది," అన్నాడు వెస్లీ బాబాయ్.

"అయితే ఇంకా తొందరగా పోవాలి. మీరు రాకపోతే మానెయ్యండి. నేను పోతాను."

పోతాడు. లేని దుప్పి కోసం, కనిపించని కళ్ళతో, తెల్లారేదాకా తిరుగుతాడు.  నేను లాంతరు వెలిగించి నాన్న వెనకే బయటికి వెళ్ళాను.

దూలం కిందుగానే దారి. ఇంకొకరి వేట కింద నుంచి వెళ్ళేటప్పుడు దాన్ని తట్టి మెచ్చుకోవడం మర్యాద. నాన్న ఆగాడు.

"వెస్లీగాడు కొట్టాడన్నమాట. మంచిది," అని చెయ్యి చాపాడు.

మెడ తట్టాడు. చెయ్యి అలాగే భుజం మీదకి జరిగింది. రంధ్రం తగిలింది. వేలితో చుట్టూ తడిమి, "శుభ్రమైన దెబ్బ," అన్నాడు. ఆ చెయ్యి పక్కటెముకల మీదుగా వెనక్కి వెళ్ళింది. వేట ఎంత కొవ్వు పట్టిందో అలా చూస్తారు. తొడ దగ్గర ఆగింది.

అక్కడే ఆగిపోయింది. వేలు ఆ రంధ్రం చుట్టూ ఒకసారి తిరిగింది. నాన్న చేతొడుగు తీసేసి, ఒట్టి వేలితో ఇంకోసారి తడిమాడు.

"ఇది పొడిగా ఉంది," అన్నాడు.

నేను లాంతరు కిందికి దించాను.

చెయ్యి పైకి వెళ్ళింది. కొమ్ములు పట్టుకుంది. గుడ్డ ముడి దొరికింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపాడు.

"ఈ గుడ్డ ఏ రంగు?"

"నారింజ, నాన్నా."

"వాడి కోటో?"

"నారింజే. టోపీ కూడా."

మంచు కురుస్తూనే ఉంది. నాన్న గుడ్డ వదల్లేదు. కాసేపయ్యాక, "లాంతరు ఆర్పు. నూనె దండగ," అన్నాడు.

లోపలికొచ్చి రైఫిల్ మీట ఆడించి గుళ్ళన్నీ బల్ల మీదకి దింపాడు. దాన్ని మేకు మీద పెట్టాడు. కోటు విప్పాడు. తర్వాత ప్యాంటులోంచి చొక్కా వెనక కొస బయటికి లాగి, మాకు వీపు పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. గళ్ళ ఉన్ని చొక్కా అది. అమ్మ కుట్టింది.

"కొయ్యండి," అన్నాడు.

"దేనికి బావా?" అన్నాడు మామయ్య.

"తప్పినందుకు."

ఇంకే ఏడైనా అయితే మామయ్య కేక పెట్టేవాడు. నాన్న చొక్కా కొస కోసిన రోజు గురించి ఊరంతా చెప్పేవాడు. అప్పుడు మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

వెస్లీ బాబాయ్ లేచాడు. దుప్పిని చీల్చిన కత్తి కడిగి, తుడిచి తెచ్చాడు. నాన్న వెనక మోకాళ్ళ మీద కూర్చోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. గుడ్డ బిగించి పట్టుకుని కోశాడు. ఉన్ని మందంగా ఉంది. కోసిన చప్పుడు వినిపించింది.

"పేరు రాయి," అన్నాడు నాన్న.

"ఎవరిదో అందరికీ తెలుసులేరా."

"రాయి. అందరికీ రాస్తాం కదా."

రాశాడు. మేకు నేను కొట్టాను.

ఆ తర్వాత సీజను ముగిసేదాకా నాన్న రైఫిల్ ముట్టుకోలేదు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేవాడు, కాఫీ కాచేవాడు, మా కోట్ల జేబుల్లో రొట్టె ముక్కలు పెట్టేవాడు. మేం తిరిగొచ్చేసరికి నీళ్ళు కాగుతుండేవి. మామయ్య చిన్న పోతుని కొట్టాడు. నేనేమీ కొట్టలేదు. ఎవరూ ఆ రోజు మాట ఎత్తలేదు. అమ్మ చెప్పిన పని అయిందనుకున్నాను. కానీ రైఫిల్ ఇంకా ఆయన మేకు మీదే ఉంది. ఇంటికి తెస్తే మళ్ళీ నవంబరు వస్తుంది.

చివరి రోజు పొద్దున పక్కలు చుట్టి, పొయ్యి చల్లార్చి, సామాను కట్టాం. చివరి భోజనం గిన్నెలు తొట్టిలో ఉన్నాయి. నాన్న గోడ తడుముకుంటూ వెళ్ళి రైఫిల్ దించాడు. మొదటిసారి మా ముందు తడుముకున్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"సమ్మె శీతాకాలం," అన్నాడు.

మామయ్య మడుస్తున్న దుప్పటి వదిలేసి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నాన్న మొత్తం చెప్పాడు. దుంపల గోయి, బూట్లు, ముగ్గురు మనుషులు, పరుపు, తుప్పు. నెలల సంగతి అడగాల్సిన చోట వెస్లీ బాబాయ్ మరిచిపోతే ఒక్క క్షణం ఆగి, "మూడు," అని తనే అన్నాడు. తుప్పు దగ్గర కథ అయిపోవాలి. అవలేదు.

"దీనితో మా అమ్మ కొట్టింది. నేను కొట్టాను. చివర్న కొట్టింది చచ్చిన దుప్పిని. దాన్ని లాక్కొస్తున్నవాడు వెస్లీ పెన్‌హేల్. నారింజ కోటు వేసుకున్నాడు. నాకు కనపడలేదు."

"అది చెప్పక్కర్లేదురా," అన్నాడు వెస్లీ బాబాయ్.

"మధ్యలో ఆపితే కథ కాదు." వెస్లీ బాబాయ్ మాట వినిపించిన వైపు రైఫిల్ చాపాడు. "పుచ్చుకో."

"నాకెందుకు? ఒకసారి నా మీదకి వచ్చిన తుపాకీని ఇంట్లో పెట్టుకోమంటావా?"

"కూతురుండగా ఇంకొకరికి ఎందుకు బావా?" అన్నాడు మామయ్య.

"సిల్వీకిస్తే మా ఇంటికొస్తుంది. మా ఇంటికొస్తే నేను తీస్తాను," అన్నాడు నాన్న. ఆ మాట అన్నప్పుడు నా వైపు తిరిగాడు. నా ముఖానికి కొంచెం పక్కగా చూశాడు. "వెస్లీ ఇంట్లో ఉంటే అడగలేను. సిగ్గుంటుంది. తర్వాత ఎప్పుడైనా పిల్లకి వాడిస్తాడు. ముందు అప్పజెప్పరా."

వెస్లీ బాబాయ్ రైఫిల్ అందుకుని అప్పజెప్పాడు. ఇన్నేళ్ళు విన్న కథ, ఎక్కడా తడబడలేదు. ముగ్గురు మనుషుల సంగతీ మరిచిపోలేదు. చివరి ముక్క దగ్గరికొచ్చాడు.

"చివర్న కొట్టింది చచ్చిన దుప్పిని. లాగుతున్నది నేను. నాకేమీ కాలేదు."

"ఎంత దూరంలో తగిలింది?" అన్నాడు నాన్న.

"దుప్పికి తగిలింది. చెప్పాను కదా."

"నీకెంత దూరంలో?"

"దూరంగానే."

"వెస్లీ, నా దగ్గర లేని ముక్క అదొక్కటే. నీ దగ్గరుంది."

వెస్లీ బాబాయ్ నావైపు చూశాడు, మామయ్య వైపు చూశాడు. మేం సాయం చేయలేదు.

"వాగు గట్టుకి తట్టుకుంటే, లాగడం ఆపి వెనక్కొచ్చి వంగి నెడుతున్నాను. దుప్పి తొడ నా మోకాలి పక్కనే ఉంది." అరచెయ్యి చాపి చూపించాడు. నాన్నకి కనపడదని గుర్తొచ్చి చెయ్యి దించాడు. "జానెడు."

 పైకప్పు మీద నుంచి మంచు జారి పడింది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు నాన్న. "అడిగాక చెప్పావు కాబట్టి గిన్నెలు నువ్వు కడుగు."

వెస్లీ బాబాయ్ కడిగాడు. నాన్న పక్కన నిలబడి ఒక్కొక్కటీ తుడిచాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నేను సామాను దించుతుంటే ఆవిడ కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. రైఫిల్ సంచి ఒక్కటే ఉంది, అది నాది.

"ఆయనది?"

"వెస్లీ బాబాయ్ దగ్గర."

అమ్మ తల ఊపింది. ఎలా అని అడగలేదు. మాసిన బట్టల మూట తీసుకుని లోపలికెళ్ళింది. నేను వెళ్ళేసరికి గళ్ళ చొక్కా ఆవిడ చేతిలో ఉంది. వెనక్కి తిప్పి చూస్తోంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చొక్కాలన్నీ ఆవిడే కుట్టింది. కొస లేని చొక్కా ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి.  వంటింటి కుర్చీలో నాన్న కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఎవరికీ..." అంది అమ్మ.

"ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు నాన్న.

అమ్మ చొక్కా ఉతికి, పొయ్యి పక్కన ఆరేసింది. ఆరాక సూదీ దారం తెచ్చుకుని, కోసిన అంచు లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టింది. నాన్న ఆ దారం లాగే చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"గుడ్డ సరిపోతుందా హిల్యా?" అన్నాడు.

"వంగకుండా ఉంటే సరిపోతుంది," అంది అమ్మ.